చెదిరిన గాలి గది: పొదిగించేవారి ధర్మం

కోడిగుడ్డు మొద్దు వైపున, పెంకుకు అంటుకుని ఉండే రెండు పొరల మధ్య, కొద్దిపాటి ఖాళీ ఉంటుంది. దాన్ని గాలి గది అంటారు. పెట్ట గుడ్డు పెట్టే క్షణానికి ఈ ఖాళీ దాదాపుగా ఉండదు. పెట్ట ఒంటి వేడి సుమారు 41 డిగ్రీల సెల్సియస్. ఆ వేడిలోంచి బయటపడ్డ గుడ్డు చల్లారుతున్నప్పుడు లోపలి పదార్థం కుంచించుకుంటుంది, పెంకులోని వేలాది సన్న రంధ్రాల గుండా గాలి లోపలికి చేరుతుంది, మొద్దు వైపున పొరలు విడిపోతాయి. పొదిగే 21 రోజుల్లో తేమ ఆవిరవుతున్నకొద్దీ ఆ గది పెరుగుతూ వస్తుంది. 19వ రోజో 20వ రోజో పిల్ల లోపలి పొరను ముక్కుతో చీల్చి ఆ గదిలోకి మూతి పెడుతుంది. దాని ఊపిరితిత్తులు మొదటిసారి గాలి పీల్చేది అక్కడే. పెంకు పగలడం ఆ తర్వాతి సంగతి.

దూరప్రయాణం చేసిన గుడ్లలో తరచుగా దెబ్బతినేది ఈ గదే. అమెరికాలో, బ్రిటన్‌లో అరుదైన జాతులను పెంచేవారు పొదిగించే గుడ్లను తపాలాలో తెప్పించుకోవడం మామూలు విషయం. మన దగ్గరా అసీల్, కడక్‌నాథ్ వంటి జాతుల గుడ్లు పార్సిళ్లలో ఊళ్లు దాటుతుంటాయి. పెట్టెను ఎత్తి పడేసినప్పుడు, దారిపొడవునా బండి అదిరినప్పుడు, పెంకుకు చిన్న గీత కూడా పడకుండానే లోపలి పొర సడలిపోతుంది. చీకట్లో దీపం ముందు పట్టి చూస్తే గాలి గది ఒక పక్కకు జీను ఆకారంలో జారి కనిపిస్తుంది, లేదా గుడ్డును వంచినప్పుడల్లా బుడగ అటూ ఇటూ దొర్లుతుంది. పచ్చసొనను నడుమ నిలిపి ఉంచే తెల్లని పోగులకు కూడా ఇదే గతి పట్టవచ్చు.

ఇలాంటి గుడ్డును ఏం చేయాలన్నది పైకి కోళ్ల పెంపకానికి సంబంధించిన ప్రశ్న. దాని వెనక ఒక ధర్మసందేహం ఉంది. ఇంకా పుట్టని ప్రాణికి, అందులోనూ మనిషి కోరిక వల్లనే దెబ్బతిన్న ప్రాణికి, మనిషి ఏం బాకీ పడతాడు? దాని పనిలో ఎప్పుడు చేయి పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు?

మొదట తేల్చవలసింది గుడ్డులో ప్రాణి ఉందా అన్నది. భారతీయ సంప్రదాయం ఈ విషయంలో చాలా ముందునుంచే ఒక స్థానం ఏర్పరిచింది. ఛాందోగ్యోపనిషత్తు ప్రాణుల పుట్టుకను మూడు విధాలుగా చెబుతుంది: గుడ్డు నుంచి పుట్టేవి, జీవి నుంచి పుట్టేవి, నేలను చీల్చుకుని వచ్చేవి. ఐతరేయోపనిషత్తు చెమట నుంచి పుట్టేవాటిని కూడా కలిపి నాలుగంటుంది. రెండింటిలోనూ అండజాలకు చోటుంది. జైనుల తత్త్వార్థసూత్రం అండజాలను గర్భం నుంచి పుట్టేవాటిలో ఒక రకంగా లెక్కిస్తుంది. జైనులు పుంజు కలవని గుడ్డును కూడా ముట్టరు. గాంధీజీ మాత్రం అక్కడ గీత గీశారు. 1942లో ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండగా ఆరోగ్యం మీద రాసిన చిన్న పుస్తకంలో, పుంజు కలవని గుడ్డు ఎన్నటికీ పిల్ల కాదు కనుక, పాలు తాగేవారికి దాని మీద అభ్యంతరం ఉండనక్కర లేదని అన్నారు. పుంజు కలిసిన గుడ్డు సంగతి ఆ వాదంలోకి రాదు. పొదిగించడానికి తెప్పించే గుడ్లు సరిగ్గా ఆ రకంవే.

పుంజు కలిసిన గుడ్డు పెట్ట ఒంట్లో ఉండగానే ఎదగడం మొదలవుతుంది. బయటికి వచ్చేసరికి పచ్చసొన మీది చిన్న బిళ్లలో వేల కణాలుంటాయి. తర్వాత చల్లబడితే ఆ ఎదుగుదల ఆగిపోతుంది. చచ్చిపోవడం కాదు, ఆగిపోవడం. తగిన వేడి మళ్లీ తగిలినప్పుడు ఆగినచోటు నుంచే సాగుతుంది. పార్సిల్‌లో ప్రయాణించేది అలా నిలిచి ఉన్న ప్రాణం. అరిస్టాటిల్ గుడ్డులో పిల్ల ఎదిగే క్రమాన్ని తన జంతుశాస్త్ర గ్రంథంలో పొందుపరిచాడు. మూడు పగళ్లూ మూడు రాత్రులూ గడిచాక గుండె తెల్లసొనలో రక్తపు చుక్కలా కనిపిస్తుందని, అది ప్రాణమున్నదానిలా కొట్టుకుంటూ కదులుతుందని అందులో ఉంది. దీపం ముందు పట్టి చూసేవారికి నాలుగో రోజు నాటికి సన్నని ఎర్రటి నరాల అల్లిక కనిపిస్తుంది. ఈ కాలంలో హద్దు గుండె నుంచి నొప్పికి జరిగింది. మగ కోడిపిల్లలను పుట్టగానే చంపడాన్ని జర్మనీ 2022లో నిషేధించింది. గుడ్డులోనే లింగం గుర్తించి తొలగించాలంటే 12వ రోజు దాటకూడదని 2024 నుంచి అమలులో పెట్టింది. పిండానికి నొప్పి తెలిసే అవకాశం ఆ తర్వాతనే మొదలవుతుందన్న పరిశోధన ఆ హద్దుకు ఆధారం.

ఈ హద్దులన్నీ ఒక ప్రశ్నకే జవాబిస్తాయి: దీన్ని నాశనం చేయడం ఎప్పటి నుంచి తప్పు? పొదిగించేవాడి ప్రశ్న అది కాదు. అతడు గుడ్డును బతికించడానికే పూనుకున్నాడు. అతడి బాధ్యత గుడ్డుకు ఉన్న స్థాయి నుంచి పుట్టదు, అతడు చేసిన పని నుంచి పుడుతుంది. వంటింటి బుట్టలో ఉన్న గుడ్డుకు ఎవరూ తల్లి కారు. అదే గుడ్డును 37.5 డిగ్రీల వేడిలో పెట్టినవాడు, ఆగి ఉన్న ప్రాణాన్ని కదిలించినవాడు, పెట్ట చేయవలసిన పనిని తన మీద వేసుకున్నాడు. ఆ గంట నుంచి బాకీ మొదలవుతుంది, రోజురోజుకూ పెరుగుతుంది. మూడో రోజు విసుగుపుట్టి మానేయడానికీ, పద్దెనిమిదో రోజు మానేయడానికీ ఉన్న తేడా మామూలు మనసుకు కూడా తెలుస్తుంది.

పెట్ట చేసే పని ఏమిటన్నది బుద్ధుడు చెప్పిన ఒక పోలికలో చక్కగా ఉంది. మజ్ఝిమనికాయంలో అది కనిపిస్తుంది. కోడిపెట్ట ఎనిమిదో పదో పన్నెండో గుడ్ల మీద సరిగ్గా కూర్చుని, వెచ్చబెట్టి, పొదిగితే చాలు. తన పిల్లలు గోళ్లతో, ముక్కులతో పెంకు పగలగొట్టుకుని క్షేమంగా రావాలని అది కోరుకోకపోయినా అవి వస్తాయి. ఆయన సాధకుల కోసం చెప్పిన మాట అది. గుడ్డుకు కూడా అక్షరాలా వర్తిస్తుంది. పిల్లను తయారుచేసేది పెట్ట కోరిక కాదు. వేడి, తేమ, కదలిక సమకూరితే మిగతాది లోపల జరుగుతుంది.

గాలి గది చెదిరిన గుడ్డు ఈ బోధను కఠినమైన పరీక్షకు పెడుతుంది. అక్కడ సమకూర్చవలసిన పరిస్థితుల్లో మొదటిది ఏమీ చేయకపోవడం. పార్సిల్ అందిన వెంటనే గుడ్లను ఇంక్యుబేటర్‌లో పెట్టకూడదు. కొసవైపు కిందికి, మొద్దువైపు పైకి ఉండేలా నిలబెట్టి, పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలు గది వేడిలో కదపకుండా ఉంచాలి. ఇంక్యుబేటర్‌లో పెట్టాక కూడా మొదటి కొన్ని రోజులు తిప్పకుండా అలాగే నిలబెట్టి ఉంచుతారు. సడలిన పొర మళ్లీ కుదురుకోవడానికి అదే అవకాశం. మామూలుగా గుడ్లను రోజుకు చాలాసార్లు తిప్పాలి, లేకుంటే పిండం పొరకు అతుక్కుంటుంది. ఇక్కడ తిప్పితే ఒక హాని, తిప్పకుంటే ఒక హాని. అందుకే కొద్ది రోజులు ఆపి, ఆ తర్వాత గుడ్డును పడుకోబెట్టకుండా అటూ ఇటూ మెల్లగా వాలుస్తారు. రెండు హానుల మధ్య తక్కువదాన్ని ఎంచుకోవడంలో ఏ శాస్త్రమూ పూర్తి భరోసా ఇవ్వదు. ఇచ్చినట్టు మాట్లాడేవారిని నమ్మకపోవడమే మేలు.

ఓర్పు గురించి మాట వచ్చినప్పుడు తెలుగువారికి ముందు గుర్తొచ్చేది వినత. మహాభారతం ఆదిపర్వంలోని ఈ కథ నన్నయ చేతుల మీదుగా తెలుగులోకి వచ్చింది. కశ్యపుడి భార్యలలో కద్రువ వెయ్యి గుడ్లు పెడుతుంది, వినత రెండు. వాటిని వెచ్చని పాత్రల్లో ఉంచుతారు. సంస్కృత మూలంలో ఆ పాత్రలకు వాడిన విశేషణం వేడితో పాటు తేమను కూడా సూచిస్తుంది. అయిదు వందల ఏళ్లకు కద్రువ గుడ్ల నుంచి పాములు పుడతాయి. వినత గుడ్లు కదలవు. సవతిని చూసి తట్టుకోలేక ఆమె ఒక గుడ్డును పగలగొడుతుంది. పై సగం పూర్తయి, కింది సగం ఏర్పడని కొడుకు బయటికి వస్తాడు. అతడే అనూరుడు, తర్వాత సూర్యుడి సారథి. తల్లి సవతికి దాసి కావాలని శపిస్తాడు. రెండో గుడ్డును అలా చేయకుండా మరో అయిదు వందల ఏళ్లు ఓర్చుకుంటే అందులోంచి పుట్టేవాడు ఆ దాస్యం తీరుస్తాడని కూడా చెబుతాడు. ఆ రెండోవాడు గరుత్మంతుడు.

ఈ కథ కోడిపిల్ల విషయంలో ఆశ్చర్యపోయేంత నిజం. చివరి రెండు రోజుల్లో గుడ్డులో జరిగే ముఖ్యమైన పనులు రెండు. మిగిలిన పచ్చసొన సంచి బొడ్డు గుండా పిల్ల కడుపులోకి చేరి, బొడ్డు మూసుకుంటుంది. పెంకు లోపల పరుచుకున్న పొరలోని రక్తం పిల్ల ఒంట్లోకి వెనక్కి మళ్లుతుంది. ఈ రెండూ పూర్తికాకముందే పెంకు ఒలిచినవాడికి పచ్చసొన బయట వేలాడుతూ, బొడ్డు తెరుచుకుని, రక్తం కారుతున్న పిల్ల దొరుకుతుంది. తలా, ముక్కూ, రెక్కలూ అన్నీ సక్రమంగానే ఉంటాయి. పూర్తికానిది కింది భాగమే.

వినత కథను ఎన్నడూ చేయి పెట్టకూడదన్న నియమంగా చదివితే మాత్రం చెదిరిన గాలి గది దగ్గర అది సరిపోదు. ఆ నియమం లోపలి క్రమం చెక్కుచెదరకుండా ఉన్న గుడ్డుకు సంబంధించినది. అక్కడ పిల్లకు గాలి ఎక్కడ దొరకాలో ప్రకృతి ఏర్పాటు చేసి ఉంచింది, కాబట్టి ఎదురుచూడటం నమ్మకం ఉంచడమే. గాలి గది జారిపోయిన గుడ్డులో ఆ ఏర్పాటును మనిషి తెప్పించుకున్న పార్సిల్ ముందే చెడగొట్టింది. పిల్ల తల ఉండవలసిన చోట ఉండకపోవచ్చు. ముక్కు పొడిచిన చోట గాలి లేకపోవచ్చు. ఊపిరి కోసం తన్నుకుంటున్న పిల్లను చూస్తూ, ప్రకృతి పనిలో చేయి పెట్టకూడదు అనడం ఓర్పు కాదు. ఆ పనిలో చేయి ఎప్పుడో పడింది. ఇప్పుడు వెనక్కి తీసుకోవడం తాను చేసిన నష్టాన్ని పిల్ల మీద వదిలేయడమే అవుతుంది.

వినత తప్పు గుడ్డు తెరవడంలో కన్నా, ఎవరి కోసం తెరిచిందన్న దానిలో ఉంది. ఆమె సవతి పిల్లలను చూసి తెరిచింది, లోపలివాడి అవసరాన్ని చూసి కాదు. పొదిగించేవాడు తనను తాను అడగవలసింది కూడా అదే: ఇప్పుడు ఆగలేకపోతున్నది పిల్లా, నేనా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల గుర్తులు ఉన్నాయి. పిల్ల గాలి గదిలోకి మూతి పెట్టాక పెంకుకు పగులు రావడానికి ఒక రోజు దాకా పట్టవచ్చు. పగులు వచ్చాక పూర్తిగా బయటపడటానికి పన్నెండు నుంచి ఇరవై నాలుగు గంటలు పట్టడం మామూలే. మధ్యలో గంటల తరబడి కదలకపోవడం అలసట కాదు, రక్తం వెనక్కి మళ్లడానికి తీసుకునే వ్యవధి. ఆ గడువు దాటి, కిచకిచలు బలహీనపడుతుంటే, మొద్దువైపు గాలి ఉన్న చోట పెంకులో సూదిమొన అంత రంధ్రం చేస్తారు. పిల్లకు కావలసింది మొదట ఊపిరి, బయటికి రావడం తర్వాత. అప్పటికీ చిక్కుబడే ఉంటే పెంకు కొద్దిగా తీసి, పొర మీద నూనెచుక్క రాసి చూస్తారు. ఎర్రని నరాలు కనిపిస్తే ఆగి, తేమలో తిరిగి పెట్టేస్తారు. నరాలు వట్టిపోతే ఇంకాస్త తీస్తారు. చివరి తన్ను పిల్లదే కావాలి.

పిల్లకు సాయం చేయడం బలహీనతను పెంచి పోషించడమేనని, తనంతట తాను రాలేనిది రాకపోవడమే జాతికి మంచిదని వాదించేవారున్నారు. పుట్టుకతో వచ్చిన లోపం విషయంలో ఆ మాటకు కొంత బలం ఉంది. దారిలో కుదుపులకు దెబ్బతిన్న గుడ్డుకు అది వర్తించదు. ఆ పిల్ల బలహీనమైనదని ఎవరూ చూపలేరు, దాని ఇల్లు దారిలో కదిలిపోయిందంతే.

కొన్ని గుడ్లు ఏం చేసినా పిల్లలు కావు. దీపం ముందు నరాలు చెదిరిపోయి రక్తపు వలయం మాత్రం మిగిలితే పిండం పోయినట్టే. అలాంటివి కుళ్లి పక్కవాటిని పాడుచేయకముందే తీసేయాలి. బతికి బయటపడి, తినలేక, నిలబడలేక బాధపడే పిల్ల విషయం ఇంకా కష్టమైనది. దాని బాధను త్వరగా ముగించడం హింసా, దయా అన్నదాని మీద అహింసను నమ్మేవారిలోనే ఏకాభిప్రాయం లేదు. జైన ధర్మం దాన్ని ఒప్పుకోదు. 1928లో సబర్మతి ఆశ్రమంలో బాగుపడే ఆశ లేని దూడకు సూది మందుతో ప్రాణం తీయించినప్పుడు గాంధీజీ అది అహింసేనన్నారు, తీవ్రమైన విమర్శలు ఎదుర్కొన్నారు. నిజంగా ఆశ లేనప్పుడు గాంధీజీ పక్షమే సబబుగా తోస్తుంది. అయితే ఆశ లేదన్న నిర్ణయం పిల్ల బాధను చూసి జరగాలి, చాకిరీ తప్పించుకోవడానికి కాదు.

ఈ బాకీ ఇంక్యుబేటర్ దగ్గర మొదలైనా, దాని వేరు గుడ్లు తెప్పించుకోవాలన్న నిర్ణయంలో ఉంది. గుడ్లకు బదులు పిల్లలనే పంపవచ్చు. అమెరికా తపాలా శాఖ ఒకరోజు వయసు కోడిపిల్లలను 1918 నుంచి చేరవేస్తోంది. కడుపులోకి చేరిన పచ్చసొన వాటిని సుమారు మూడు రోజులు నిలబెడుతుంది. ఆ పద్ధతిలో గాలి గది చెదిరే ప్రమాదం లేదు కానీ చలి, దాహం, భయం అన్నీ తెలిసిన ప్రాణి పెట్టెలో ఉంటుంది. ఆ లెక్కన ఏ బాధా ఎరగని స్థితిలో ఉన్న గుడ్డును పంపడమే తక్కువ హాని, దెబ్బతిన్నవాటిని ఓపికగా పొదిగించే మనిషి అవతలి వైపు ఉన్నంతవరకు. ఒక్కో గుడ్డును విడిగా చుట్టి, మొద్దువైపు పైకి పెట్టి, అదిరినా తగలకుండా సర్దడం పంపేవాడి వంతు. తాను కనిపెట్టుకుని ఉండగలిగినన్ని గుడ్లే అడగడం, పుట్టినవాటిలో సగం దాకా పుంజులే ఉంటాయని, వాటికీ చోటు చూపించాలని ముందే తెలుసుకోవడం తెప్పించుకునేవాడి వంతు. అదే జాతి గుడ్లు చేతిలో పట్టుకుని తెచ్చుకునేంత దగ్గరలో దొరుకుతుంటే పార్సిల్ అడగవలసిన పనే లేదు.