ఒడ్డునకు చేరని వల

(ధ్యాన భాగములు: మత్తయి 13:47–48, అపొ. కార్యములు 17:16–34)



యేసుప్రభువు చెప్పిన వల ఉపమానమును మన నెల్లూరు తీరవాసులకు ఎవరును విప్పి చెప్పనక్కరలేదు. మైపాడులోగాని జువ్వలదిన్నెలోగాని పుట్టిన చిన్నబిడ్డ సహితము దాని నెరుగును. వల వేయుదురు, అది నిండును, దానిని దరికి లాగుదురు, పిమ్మట కూర్చుండి మంచివాటిని ఏరి గంపలకెత్తి, పనికిరానివాటిని పారవేయుదురు. ఈ నాలుగు పనులలో కడపటి రెండును లేనియెడల మొదటి రెండును వ్యర్థమే. ఒడ్డునకు చేరని వల ఎంత నిండినను ఇంటికి కూడు తేజాలదు.

నేడు మన చేతులలోని సెల్‌ఫోను అనేకులకు అట్టి వలయై యున్నది. 2016 సెప్టెంబరులో జియో వచ్చినది మొదలు ఇంటర్‌నెట్టు చవుకయై పల్లెపల్లెకును చేరినది. 2020 జూన్ నెలాఖరున ప్రభుత్వము టిక్‌టాక్‌ను నిషేధించెను. మరుసటి నెలలోనే ఇన్‌స్టాగ్రామువారి రీల్సు మన దేశమునకు వచ్చెను. ఒక ద్వారము మూయబడిన దినములలోనే మరియొకటి తెరువబడెను. బొటనవ్రేలితో నెట్టిన కొలది బొమ్మ వెంబడి బొమ్మ వచ్చుచునే యున్నది. వల నిండుచునే యున్నది. దరికి లాగు గడియ మాత్రము రాదు.

“అయ్యా, ఇది పాపమా?” అని మన యౌవనస్థులు అడుగుచున్నారు. ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పుట న్యాయము కాదు. 2020లో కరోనా వ్యాధివలన ఆలయముల తలుపులు మూయబడినప్పుడు ఈ ఫోనుద్వారానే అనేక కుటుంబములు ఆరాధనలో పాలుపొందెను. గల్ఫు దేశములలో కష్టపడుచున్న తండ్రి తన బిడ్డ ముఖమును దీనిలోనే చూచుకొనుచున్నాడు. కాబట్టి వస్తువును నిందించి ప్రయోజనము లేదు. మరి కీడు ఎచ్చట నున్నది?

పూర్వము ఇంటర్‌నెట్టు పుటకు ఒక అడుగుభాగ ముండెడిది. అచ్చటికి చేరినవాడు తరువాతి పుట కావలెనన్నచో తానే నొక్కవలసి యుండెను. నొక్కుటకు ముందు ఒక్క క్షణము ఆగును. ఆ క్షణములో, “ఇక చాలును, పని యున్నది, అమ్మ పిలుచుచున్నది” అని మనస్సాక్షి పలుకుటకు తావుండెను. 2006లో అజా రాస్కిన్ అను అమెరికా దేశస్థుడు అడుగే లేని పుటను కల్పించెను. తరువాత దానివలన కలిగిన కీడునకు ఆయనే బహిరంగముగా విచారము వెలిబుచ్చెను. మనయొద్దనుండి తీసివేయబడినది చిన్న విరామమే. అయితే మనుష్యుడు ఔననుటకును కాదనుటకును స్థలము ఆ విరామమే గదా!

“ఆలాగైతే తప్పు కట్టినవారిది, మాది కాదు” అని కొందరందురు. కొంతవరకు నిజమే, ఇతరుల బలహీనతను వ్యాపారము చేసికొనువారు దేవునికి లెక్క చెప్పవలసియున్నారు. కాని ఉరి యొడ్డినవాడు దోషి యైనంతమాత్రమున, ఉరి యని తెలిసియు ప్రతిదినము దానిలో కాలు పెట్టువాడు నిర్దోషి కాడు. తనకు చేయతగినవి అనేకము లున్నను వాటిలో దేనికిని దాసుడను కానొల్లనని పౌలు కొరింథీయులకు వ్రాసెను (1 కొరింథీ. 6:12). “ఇది చూడవచ్చునా?” అనునది సగము ప్రశ్నయే. “దీనిని చాలించుటకు నాకు స్వాతంత్ర్య మున్నదా?” అనునది మిగిలిన సగము.

ఏథెన్సువారిని చూడుడి. వారు దొంగలని లూకా వ్రాయలేదు. ఎప్పటికప్పుడు క్రొత్తదనమునకై చెవి యొగ్గుటలోనే వారి ప్రొద్దు గడచెనని వ్రాసెను. అట్టివారియొద్దకు పునరుత్థాన సువార్త వచ్చినప్పుడు ఏమి జరిగెను? కొందరు నవ్విరి, మరికొందరు ఇంకొకసారి చూతములే అనిరి, నమ్మినవారు కొద్దిమందియే. జీవవాక్యము కూడ వారికి ఆనాటి వింతలలో నొక వింతయైపోయెను. ప్రియులారా, భయపడవలసినది ఇక్కడనే. మన ఫోనులో హాస్యము వెంబడి ప్రసంగపు ముక్కయు, దాని వెంబడి వంటయు, దాని వెంబడి ఎవరిదో మరణవార్తయు వచ్చుచున్నవి. అన్నిటిని ఒకే వ్రేలు ఒకే రీతిగా నెట్టివేయుచున్నది. ఏడువవలసిన చోట ఏడువక, మ్రొక్కవలసిన చోట మ్రొక్కక సాగిపోవుట హృదయమునకు అలవాటగుచున్నది.

మన సంఘములు ఓపికలో పుట్టినవి. శామ్యూల్ డే దొర 1840లో నెల్లూరునకు వచ్చెను. ఏండ్లు గడచినను ఫలము స్వల్పమే గనుక, 1853లో ఈ మిషనును మూసివేయవలెనా అను చర్చ అమెరికాలో జరిగెను. 1854 జనవరి 1వ తేదీ వేకువను జ్యూయెట్ దంపతులు కొందరు తెలుగు విశ్వాసులతో, అప్పటి నెల్లూరు జిల్లాలోనే యున్న ఒంగోలులో కొండయెక్కి ప్రార్థించిరి. 1878 జూలై 3న ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ ప్రార్థనకును ఈ కోతకును నడుమ 24 ఏండ్లు! క్షణమునకొక క్రొత్తదనము కోరు కన్నులు అట్టి కనిపెట్టుటను నేర్చుకొనగలవా?

ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మన తీరమున మరపడవల వేట నిలుచును. చేప గ్రుడ్లుపెట్టి వృద్ధిపొందుటకు సముద్రమునకే విరామము కావలసియున్నది. మన మనస్సు సముద్రముకంటె బలమైనదా? కావున భోజనపు బల్లయొద్దను, కుటుంబ ప్రార్థనలోను, పండుకొను గదిలోను ఫోనునకు చోటియ్యకుందము. తీసిపోయిన విరామమును మనమే మరల నిలుపుకొందము. రాత్రివేళ కూర్చుండి, నేడు చూచినవాటిలో గంపకెత్తదగిన దేది, పారవేయదగిన దేది యని దేవుని యెదుట ఏరుకొందము. ఏరుటకు ఏమియు దొరకనిచో, ఆ ఖాళీ గంపయే మనకు రేపటి దినమునకు హెచ్చరిక యగును.

వ్యర్థమైనవాటినుండి మన కన్నులను త్రిప్పి, మనలను తన మార్గములో బ్రదికించుటకు ప్రభువు శక్తిమంతుడు. ఆయన కృప మీకందరికిని తోడైయుండును గాక. ఆమేన్.