తాడు కొస చేతిలో

ఉద్యోగ విరమణ చేశాక ఫ్రాన్స్‌లో ఒక పడవ కొనుక్కుని కాలువల మీద తీరిగ్గా తిరగాలని ఇంగ్లండులో ఎంతోమందికి ఆశ. ఎక్కువమంది మనసు కెనాల్ దు మిది మీదే. 1681లో ప్రారంభమైన 240 కిలోమీటర్ల కాలువ అది. ఒక్క ఫొటో చూసినా చాలు, సామాను సర్దుకోవాలనిపిస్తుంది.

చేతిలో డబ్బుంటే వెళ్ళిన రోజే బేరం కుదిరిపోవచ్చు. బుద్ధిమంతులు మాత్రం ముందు తమ ఊరి కాలువ మీద ఒకటి రెండు రోజులు నడపడం నేర్చుకుంటారు. చిన్న వింత ఏమిటంటే, ఫ్రాన్స్‌లో సెలవులకు పడవ అద్దెకు తీసుకుంటే లైసెన్సు అడగరు. అద్దెకిచ్చేవాళ్ళే కాసేపు చూపించి తాళం చేతికిస్తారు. సొంత పడవ అనేసరికి సర్టిఫికెట్టూ కావాలి, కాలువ నియమాల మీద పరీక్షా రాయాలి.

నేస్తమా, మీరు పడవ కొనబోవడం లేదని తెలుసు. కానీ ఏదో ఒక పెద్ద పని మీద పడింది కదూ? ఇంటి అప్పో, అమ్మాయి పెళ్ళో, ఇంకా చేతికి రాని ఆసుపత్రి రిపోర్టో. రాత్రి దీపం ఆర్పాక అదంతా ఒక్కసారిగా ముందుకొచ్చి నిలబడుతుంది. ఇదంతా నేను మోయగలనా అని ఎన్నిసార్లు అనుకున్నారు ఈ వారంలో?

నేర్చుకునేవాళ్ళ మొదటి రోజు ఎలా ఉంటుందో చూడండి. ఇంగ్లండు కాలువ పడవ వెడల్పు ఏడడుగుల లోపే, పొడవు డెబ్బై అడుగుల దాకా ఉండొచ్చు. చుక్కాని పిడి వెనక ఉంటుంది. పిడిని ఎడమకు నెడితే పడవ ముక్కు కుడికి తిరుగుతుంది. అదీ వెంటనే తిరగదు. కొత్తవాడు నెడతాడు, ఏమీ కాలేదనుకుని ఇంకా గట్టిగా నెడతాడు. అప్పుడు ముక్కు తిరగడం మొదలుపెట్టి, ఆగకుండా గట్టు దాకా పోతుంది. కంగారుపడి రెండో వైపుకు నెడతాడు, ఈసారి అవతలి గట్టు.

నేర్పేవాడు ఇదంతా పక్కనే నిలబడి చూస్తుంటాడు. పిడి లాక్కోడు. "ఆగండి, వస్తోంది" అంటాడు, అంతే. నిజంగా ప్రమాదమైతే చెయ్యి వేయడానికి అందే దూరంలోనే ఉంటాడు.

నిన్న చేసిన ప్రార్థనకు ఇవాళ ఏమీ కదల్లేదని మీరు బెంగపడుతున్నారేమో. మన ప్రభువు దూరంగా గట్టు మీద నిలబడి మార్కులు వేసేవాడు కాదు. మార్కు సువార్తలో గలిలయ సరస్సు మీది తుపాను సంగతి గుర్తుందా? ఆ శిష్యుల్లో కొందరు జాలరులు, ఆ నీళ్ళ మీదే పుట్టి పెరిగినవాళ్ళు. అయినా గుండెలు జారిపోయాయి. ఆయన అదే పడవలో, అమరంలో, తలగడ మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. లేపితే లేచాడు. ముందు గాలిని అణిచాడు, ఆ తర్వాతే వాళ్ళ భయం గురించి అడిగాడు. ఆ వరస నాకెంతో ఇష్టం.

పడవ నేర్చుకోవడంలో అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం లాకులో ఉంది. గోదావరి, కృష్ణా కాలువల లాకులు చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. రెండు గేట్ల మధ్య పడవ నిలుస్తుంది, నీళ్ళు వదిలేకొద్దీ పడవ కిందికి దిగుతుంది. పడవ అటూ ఇటూ కొట్టుకోకుండా తాడు పట్టుకోవాలి. భయపడినవాడు ఆ తాడును గట్టు మీది గుంజకు బిగించి ముడేస్తాడు. నీళ్ళు దిగిపోతాయి, తాడు మాత్రం వదలదు, పడవ ఒక పక్కకు వేలాడుతుంది. అందుకే ముడి వేయొద్దని మొదటి రోజే చెబుతారు. గుంజకు ఒక చుట్టు చుట్టి, కొస చేతిలో ఉంచుకుని, నీళ్ళు దిగుతుంటే జానెడు జానెడు వదలాలి.

మీరు దేన్ని బిగించి ముడేశారు? పిల్లవాడి చదువు ఇలాగే సాగాలని, ఈ ఆరోగ్యం ఇంతకంటే తగ్గకూడదని? పట్టుకోవడం తప్పు కాదు, ప్రేమ ఉన్నచోట చెయ్యి పట్టుకోకుండా ఉండదు. ఆ ముడి ఒక్కటి విప్పండి. కొస మీ చేతిలోనే ఉండనివ్వండి. కింద ఎంత లోతుందో ప్రభువుకు తెలుసు.

తమ ఊరి కాలువ మీద నేర్చుకునేవాళ్ళలాగే, ఆ ఫ్రెంచి కాలువను తవ్వించిన పియెర్ పాల్ రికే కూడా, అసలు పని మొదలుకాకముందు, బొన్రెపోలో తన తోటలోనే చిన్న కాలువ తవ్వించి నీళ్ళు పారించి చూసుకున్నాడు. అంతటివాడికే తోటలో మొదలుపెట్టడం చిన్నతనం అనిపించలేదు.

కాబట్టి ఇవాళ పెళ్ళి ఖర్చంతా లెక్క కట్టకండి. ఈ నెల వాయిదా ఎంతో కాగితం మీద రాయండి. రిపోర్టు ఎప్పుడొస్తుందో ఒక్క ఫోన్ చేసి కనుక్కోండి. ఇన్నాళ్ళుగా ఎవరితోనూ అనని ఆ మాట ఇంట్లో ఒకరితో చెప్పండి, అన్నం తినేటప్పుడైనా సరే.

పడుకునేముందు నాతో పాటు ఇలా అనండి: ప్రభువా, ఈ నెల సంగతి ఇవాళ చూశాను. వచ్చే ఏడాది సంగతి అడగాలని ఉంది కానీ, రేపు పొద్దున మాట్లాడుకుందాం. నాకు నిద్ర వస్తోంది.