తుపాకీకి పాపం అంటుతుందా?

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఒక తుపాకుల దుకాణంలో లెక్కలు రాస్తూ నా ఉద్యోగమంతా గడిచింది. ఇంట్లో ఉల్లిపాయ కూడా ముట్టనివాణ్ని. అందుకేనేమో, పాత తుపాకీ కొనడానికి వచ్చినవాళ్లు బేరం కుదిరాక నన్నే అడిగేవారు: "పంతులుగారూ, దీంతో ఎన్ని ప్రాణాలు తీశారో ఏమో! ఇంట్లో పెట్టుకుంటే ఆ పాపం మాకు చుట్టుకోదు కదా?"

అప్పట్లో నవ్వి ఊరుకునేవాణ్ని. ఇప్పుడు తీరిక దొరికింది కనుక చెప్తాను.

వాళ్లు వెతుక్కుంటూ వచ్చేది అంగట్లో దొరికే సరుకు కాదు, ఒకప్పుడు ఎవరో తమ కోసమే చేయించుకున్న దునాలీ, అంటే రెండు గొట్టాల తుపాకీ. శికారు పెద్దింటి మర్యాదగా చెల్లిన కాలమది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటకు పేరుపడ్డవాడు. ఆయన కొలువులో ఉన్న ఆల్బర్ట్ ఆబిద్ పెట్టిన దుకాణం పేరే ఈ సెంటరుకు మిగిలింది. లండన్‌లో 1814 నాటి పర్డీ, 1835 నాటి హాలండ్ అండ్ హాలండ్, బర్మింగ్‌హామ్‌లో వెస్ట్‌లీ రిచర్డ్స్ లాంటి కంపెనీలకు మన రాజులు, నవాబులు పెద్ద ఖాతాదారులు. దర్జీ షేర్వానీకి కొలతలు తీసినట్టు అక్కడ మనిషికి కొలతలు తీసేవారు. భుజాన్ని బట్టి కుందా (భుజానికి ఆనే చెక్క భాగం) పొడవు, మెడను బట్టి దాని వంపు, కంటిని బట్టి పక్కకు ఒరుగు. కుందా అడుగున చిన్న బిళ్ల మీద యజమాని పేరు పొడి అక్షరాలు. ఆ మనిషి పోయాక ఆ తుపాకీ ఇంకెవరి భుజానికీ సరిగ్గా కుదరదు.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేట ఆగింది. 1980ల నడుమ నుంచి విదేశీ తుపాకుల దిగుమతికీ అడ్డుకట్ట పడింది. చేసే పని పోయాక తుపాకీకి ధర పెరిగింది.

ఒకసారి మెడలో తులసిమాలతో ఒక పెద్దమనిషి వచ్చాడు. బల్ల మీద ఫ్లానెల్ గుడ్డ పరిచి పన్నెండు బోరు దునాలీ పెట్టాను. ఇనుము, ఉక్కు పట్టీలు కలిపి, మెలిపెట్టి, సాగగొట్టి చేసిన డమాస్కస్ గొట్టాలు. కళ్లజోడు పైకి తోసుకుని ఆ చారలు చాలాసేపు చూశాడు. కుందా మీద వేలితో రాశాడు. ఆ తర్వాత ఎత్తాడు. ఎత్తగానే అది భుజానికి చేరింది, ఒక కన్ను మూసుకుంది, తుపాకీ మూతి ఎదుటి బిల్డింగు సన్‌షేడ్ మీద నడుస్తున్న పావురం వెంట మెల్లగా కదిలింది. చంపే ఉద్దేశం ఆయనకు లేదు. తాను గురిపెట్టానన్న సంగతే ఆయనకు తెలియదు.

అరణ్యకాండలో సీత రాముడికి చెప్పిన కథ అప్పుడే నాకు బాగా అర్థమైంది. ఒక ముని తపస్సు చెడగొట్టాలని ఇంద్రుడు భటుడి వేషంలో వచ్చి, దాచిపెట్టమని ఒక కత్తి ఇచ్చి వెళ్తాడు. ముని నిజాయితీపరుడు. పరాయి సొత్తు పోకూడదని దుంపలకు వెళ్లినా, పండ్లకు వెళ్లినా వెంట తీసుకెళ్తాడు. చివరికి ఆ కత్తే ఆయన్ని క్రూరుణ్ని చేసి నరకానికి పంపుతుంది. ఇంద్రుడు ఆయన దురాశ మీద వల వెయ్యలేదు, జాగ్రత్త మీద వేశాడు. పాత తుపాకులు పోగుచేసేవాళ్లకు ఈ కథ సూటిగా తగులుతుంది. వాళ్లు చెడ్డవాళ్లు కారు. నూనె రాసి, తుడిచి, చెద పట్టకుండా కాపాడేవాళ్లు. మోహం ఆ తుడవడంలోంచే లోపలికొస్తుంది.

రాముడు సీత మాటను కాదనలేదు. మునులకు రక్షిస్తానని మాటిచ్చానన్నాడు. అంటే ఇంకొకరికిచ్చిన మాటే ఆయుధానికి సమర్థన. అద్దాల బీరువాలోని దునాలీకి అలాంటి మాట ఏదీ లేదు.

దసరాకు ఆయుధపూజ చేయడం లేదా అంటారు. మా దుకాణంలోనూ చేసేవాళ్లం, బొట్లు పెట్టే పని నాదే. కానీ జమ్మి కథలో పాండవులు ఆయుధాలను చెట్టెక్కించి, ఎవరూ దగ్గరికి రాకుండా శవాన్ని కట్టి, అజ్ఞాతవాసం ముగిసేదాకా విరాటుడి కొలువులో బతికారు. వదిలి ఉండగలిగినవాడికే ఆ పూజ తగును. అలాగే నాంపల్లి యూసుఫైన్ దర్గాలోని బాబాలిద్దరూ 1687 గోల్కొండ ముట్టడికి ఔరంగజేబు సైన్యంతో వచ్చిన సిపాయిలని చెప్తారు. అక్కడ చాదర్ కప్పేవాళ్లెవరూ వాళ్ల కత్తులేమయ్యాయని అడగరు.

ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులు ఠాణాలోనో దుకాణంలోనో డిపాజిట్ చేయమంటారు. ఆ కొన్ని వారాలకే కాలుగాలిన పిల్లుల్లా తిరిగినవాళ్లను చూశాను. 2019 సవరణతో ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితి రెండుకు తగ్గినప్పుడు, ఏది వదలాలో తేల్చుకోలేక మా రిజిస్టరు ముందు కూర్చున్నవాళ్లనూ చూశాను. మరమ్మతు చేసినా పేలని పాతకాలపు ఆయుధానికి ఆయుధాల చట్టం 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. పనితనం ఒక్కటే కావాలనేవాడికి అది చాలు. "అది పేలదా? అయితే వద్దు" అన్నవాళ్లే ఎక్కువ.

కాబట్టి నా జవాబిది. పాపం తుపాకీకి అంటదు, పోయినవాడి లెక్క పోయినవాడిదే. ఉంచుకున్నవాడికి అంటేది అలవాటు. లండన్ కమ్మరి పనితనాన్ని ప్రేమించండి, తప్పులేదు. కానీ కొన్న రోజే, మీ తర్వాత అది ఎవరికి చేరాలో కాగితం మీద రాసి పెట్టండి. అలా రాయడానికి చెయ్యి ఆడకపోతే ఆ తుపాకీ కొనకండి.