ఓడింది ఎవరి సొమ్ము?

మా బాబాయి బెంగళూరులో ఆటో నడుపుతారు. ఫోన్లో డబ్బు పెట్టి రమ్మీ ఆడేవారు. ఎవరైనా వద్దంటే "ఇది జూదం కాదు, తెలివితో ఆడే ఆట" అనేవారు. ఒకరోజు పిన్ని చీటీ పాడి తెచ్చిన డబ్బంతా అందులో పోయిందని తెలిసింది. ఆ రాత్రి వాళ్లింట్లో పొయ్యి వెలగలేదు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. 22న రాష్ట్రపతి ఆమోదించారు. డబ్బు పందెం ఆటలు నడిపేవారికి 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆడేవారికి శిక్ష లేదు. ఇలాంటి నిషేధం తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే పెట్టాయి. కర్ణాటక 2021లో తెచ్చిన నిషేధాన్ని మాత్రం 2022 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. అందుకే మన ఊళ్లో ఈ ఆటలు అంతకాలం సాగాయి.

మా మేడ మీద ఉండే అన్న అలాంటి కంపెనీలో బొమ్మలు గీసేవాడు. చట్టం వచ్చాక ఉద్యోగం పోయింది. "నేనేం తప్పు చేశాను?" అని అడిగాడు. ఆయన ఎవరినీ మోసం చేయలేదు. కానీ ఆయన జీతం మా పిన్నిలాంటి వాళ్ల డబ్బులోంచే వచ్చిందేమో! ఆ మాట ఆయనతో అనలేకపోయాను.

బాబాయి చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. 1967లో సికింద్రాబాద్ క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు కూడా రమ్మీలో నైపుణ్యమే ఎక్కువ అంది. పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి కదా. కానీ నైపుణ్యం ఉంటే తప్పు లేనట్టేనా? శకునికి పాచికల్లో ఎంత నైపుణ్యం ఉంది! అయినా ఆ ఆటను ఎవరూ మంచిదనరు.

మహాభారతంలో ద్రౌపది పాచికల గురించి అడగలేదు. "ముందు తనను ఓడాడా, నన్ను ఓడాడా?" అని అడిగింది. తానే తనవాడు కానివాడు ఇంకొకరిని ఎలా పణంగా పెడతాడు? సభలో పెద్దలు జవాబు చెప్పలేకపోయారు. నాకు అసలు ప్రశ్న అదే అనిపిస్తుంది. తన సొమ్ముతో ఆడితే తన ఇష్టం అనవచ్చు. కానీ ఇంట్లో వండి, దాచి, ఆశ పెట్టుకున్నవాళ్లకు ఆ సొమ్ములో భాగం లేదా?

ఇది రాస్తుంటే నా సంగతి గుర్తొచ్చింది. పోయిన వేసవిలో అమ్మ ఫోన్లో ఆట ఆడుతూ, నా బొమ్మకు కొత్త డ్రెస్సు కోసం 160 రూపాయలు కట్టాను. అమ్మ పిన్ నంబరు నాకు తెలుసు. గెలిచే డబ్బు లేదు కాబట్టి అది పందెం కాదు, చట్టం దాన్ని ఆపదు. కానీ ఆ డబ్బు నాది కాదు.

నిన్న అమ్మకు చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. "డబ్బు సంగతి సరే, నన్ను ఒక్క మాట అడగాలనిపించలేదా?" అంది.

బాబాయిని పిన్ని కూడా అదే అడిగి ఉంటుంది. చట్టం కంపెనీలను ఆపగలదు. మన చేతిలో ఉన్నది ఎవరి సొమ్మో చూసుకోవాల్సింది మాత్రం మనమే.