రేటింగ్ రాసే చెయ్యి

ప్రతి స్ప్రింట్ చివరా రెట్రోస్పెక్టివ్ పెట్టి, "ఏం బాగోలేదో మొహమాటం లేకుండా చెప్పండి" అని అడిగేది నేనే. మార్చి వచ్చేసరికి ఆ మనుషులకే అప్రైజల్ రేటింగ్ రాసేదీ నేనే. ఈ రెండు పనులూ ఒక్కడే చెయ్యవచ్చా అన్న ప్రశ్న నాకు చాలాకాలం తట్టలేదు. తట్టలేదనడం కూడా పూర్తి నిజం కాదు. తట్టింది, నేనే పక్కకు నెట్టాను.

మాది గచ్చిబౌలిలో ఒక సర్వీసెస్ కంపెనీ. క్లయింటు అమెరికా తూర్పు తీరంలో. అక్కడివాళ్లు అజైల్‌కి మారారు కాబట్టి మేమూ మారాం. ప్రాజెక్ట్ మేనేజర్‌గా ఉన్న నేను ఒక ట్రైనింగ్, ఒక ఆన్‌లైన్ పరీక్ష పూర్తిచేసి స్క్రమ్ మాస్టర్‌నయ్యాను. మేనేజర్ అధికారాలు మాత్రం ఎక్కడికీ పోలేదు. పొమ్మని నేనూ అనలేదు.

2001 ఫిబ్రవరిలో యూటా రాష్ట్రంలోని స్నోబర్డ్ రిసార్టులో 17 మంది కూర్చుని అజైల్ మానిఫెస్టో రాశారు. దాని వెనక ఉన్న 12 సూత్రాల్లో ఒకటి, ఉత్సాహమున్న మనుషుల చేతికి పని ఇచ్చి, కావలసినవి సమకూర్చి, వాళ్లు చేస్తారని నమ్మమంటుంది. ట్రైనింగ్‌లో ఆ స్లయిడ్ చూసి అందరితోపాటు నేనూ తలూపాను. నమ్మడం అంత తేలికని అప్పుడెందుకు అనిపించిందో!

మా రోజువారీ మీటింగైన స్టాండప్‌లో ఎవరు మాట్లాడినా నావైపే చూసి మాట్లాడతారు. నిన్న ఏం చేశాం, ఇవాళ ఏం చేస్తాం, అడ్డేమిటి అన్న మూడు ప్రశ్నలను 2020 నాటి స్క్రమ్ గైడ్ తీసేసి, ఎలా మాట్లాడుకోవాలో టీముకే వదిలేసింది. మేం ఇంకా ఆ మూడింటికీ జవాబులు అప్పజెపుతూనే ఉన్నాం. నేను సెలవులో ఉన్న రోజు స్టాండప్ ఐదు నిమిషాల్లో ముగిసిందనీ, ఇద్దరు కుర్రాళ్లు అక్కడికక్కడే ఒక బగ్ తేల్చేసుకున్నారనీ తర్వాత తెలిసింది. స్క్రమ్ మాస్టర్‌గా నేను కోరుకోవలసింది అదే. వినగానే లోపల ఎక్కడో చివుక్కుమంది. ఆ చివుక్కుమన్నది ఏమిటో చూసుకుంటే, వాళ్లు చెప్పేది వినాలన్న కోరిక కంటే, వాళ్లు నాకు చెప్పుకోవాలన్న కోరికే నాలో పెద్దది.

ప్లానింగ్ పోకర్‌దీ ఇదే కథ. ఒక్కో స్టోరీ, అంటే ఒక్కో పని, ఎంత పెద్దదో అంకెతో అంచనా కట్టడానికి జేమ్స్ గ్రెనింగ్ 2002లో రాసిపెట్టిన పద్ధతి అది. పెద్దవాళ్ల అంకె చూసి చిన్నవాళ్లు తమ అంకె మార్చుకోకుండా అందరూ ఒకేసారి కార్డు తిప్పుతారు. మావాళ్లు దీనికీ దారి కనిపెట్టారు. కార్డులు తిప్పాక టెక్ లీడ్ 3 వేస్తే, 8 వేసిన కొత్త కుర్రాడు ఎందుకు 8 వేశాడో చెప్పడు. "అవునన్నా, త్రీ సరిపోతుంది" అంటాడు. ఆ స్టోరీ స్ప్రింట్‌లో పూర్తికాక తర్వాతి దానిలోకి జారుతుంది. రెట్రోలో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్ స్లో, కాఫీ మెషీన్ పాడు లాంటివి బోర్డు నిండా ఉంటాయి.

ఆ కుర్రాడికి ధైర్యం లేదని అనుకునేవాణ్ణి. కానీ సాయంత్రం క్లయింటు కాల్‌కు ముందు మా డెలివరీ హెడ్ "రిలీజ్ డేటు ఓకేనా?" అని అడిగితే, లోపల 8 ఉన్నా "అయిపోతుంది సార్" అనేది నేనే. కాంట్రాక్టులో తేదీ ముందే పడిపోయింది, డబ్బు మైలురాళ్ల వారీగా వస్తుంది. స్ప్రింట్లు ఆ తేదీ వరకూ నడిచే రెండేసి వారాల ముక్కలు, అంతే. నా రేటింగ్ రాసేది ఆయన. కుర్రాడికి నేనేమిటో నాకు ఆయన అదే.

ఆ కార్డుల మీది అంకెలనే స్టోరీ పాయింట్లంటాం. వాటిని బహుశా తానే కనిపెట్టి ఉంటాననీ, అదే నిజమైతే అందుకు విచారిస్తున్నాననీ రాన్ జెఫ్రీస్ తర్వాతి కాలంలో రాశాడు. మానిఫెస్టో మీద సంతకం చేసిన 17 మందిలో ఆయనొకడు. మార్చిలో నేను మాత్రం మా పనులన్నీ నమోదయ్యే జిరా తెరిచి, ఎవరి పేరు మీద ఎన్ని పాయింట్లున్నాయో చూస్తాను. బెల్ కర్వ్ ప్రకారం ఎవరినో ఒకరిని కింద పెట్టాలి, దానికో ఆధారం కావాలి కదా. పక్కవాడి కోడ్ రివ్యూకి పూట ఖర్చుపెట్టిన అమ్మాయికి ఆ పూట ఏ పాయింటూ పడదు. ఆమె అలా కూర్చుంటుందని నాకు తెలుసు. అయినా అంకె ఉన్నచోట నా కళ్లు అంకె మీదికే పోతాయి. ఎవరైనా వచ్చి అడిగితే అంకె చూపించవచ్చు, నా అభిప్రాయానికైతే నేను జవాబుదారీ కావాలి.

వచ్చే స్ప్రింట్ నుంచి రెట్రో పక్క టీము స్క్రమ్ మాస్టర్ నడుపుతుంది, నేను గదిలో ఉండను. అక్కడ అనుకున్నవాటిలో నాకు చెప్పదలచుకున్నవే చెప్తారు. దీనికి పెద్దగా ఆలోచించకుండానే ఒప్పుకున్నాను. రేటింగ్ పని ఇంకొకరికి ఇవ్వమని డెలివరీ హెడ్‌కు మెయిల్ కూడా రాశాను. అది ఇంకా డ్రాఫ్ట్స్‌లోనే ఉంది. స్టాండప్ నేను లేకుండా నడుస్తుంది, రెట్రో నేను లేకుండా నడవబోతోంది, రేటింగ్ కూడా పోతే ఈ టీముకు నేనెందుకని ఆయన అడగవచ్చు. దానికి జవాబు దొరికాకే పంపుదామని ఆపాను.