చెయ్యి లేని దరువు

మాది డప్పు కొట్టిన ఇల్లు. తాత కొట్టిండు, నాయిన కొట్టిండు. నేను కంప్యూటర్ మీద కొడుతున్న. సభలకు, ఊరేగింపులకు, మన కళాబృందాలకు పాటలు రికార్డు చేసే చిన్న స్టూడియోలో నా పని. అందుకే ఈ ప్రశ్న నాకు పుస్తకంలో దొరకలేదు, కూలిలో దొరికింది: ఒక మనిషి కొట్టిన దెబ్బను ఆ మనిషి లేకుండా వాడుకోవడం న్యాయమేనా?

ముందు పని సంగతి చెప్పాలె. డప్పును మైకు ముందట పెట్టి ఒక్కొక్క దెబ్బే కొట్టిస్తరు. మెల్లగ ఒకసారి, నడిమి బలంతో ఒకసారి, గట్టిగ ఒకసారి. సీడీ లెక్కన అయితే ఆ చప్పుడు సెకనుకు 44,100 అంకెలుగా మారుతది. ఇది శాంపిల్. తర్వాత కీబోర్డు మీట నొక్కితే ఎంత బలంగ నొక్కినమో 1 నుంచి 127 దాకా కొలిచి, అందుకు తగ్గ దెబ్బ వినిపిస్తది. అట్లనే ఒక దరువును ముక్క కోసి, దాని చివరను మొదలుకు అతికిస్తే లూపు. మనం ఆపేదాక తిరుగుతనే ఉంటది.

ఈ పనిలో ఏది మిగులుతది, ఏది పోతది? కొట్టేవాని ఊపిరి పోతది. కాలిగజ్జె పోతది. పక్కవాణ్ని ఉషారు చేసే కేక పోతది. వీటిని మా పనిలో నాయిస్ అంటరు, శుభ్రం చేస్తరు. శుభ్రం అనే మాట మన చెవికి ఎక్కడో తగులుతది గదా!

అసలు డప్పు సంగతి వేరు. చెక్క చట్రానికి చింతగింజల బంకతో తోలు అతికిస్తరు. మంటకు చూపితే తోలు బిగిసి మోగుతది, చల్లారితే గొంతు దిగుతది, వానకాలం మెత్తబడుతది. ఒక చేత సిర్ర, ఇంకో చేత సిటికెనపుల్ల. శాంపిల్ డప్పుకు మంట అక్కర్లేదు. అది చల్లారదు, తడవదు. దానికి తోలే లేదు. తోలు లేదు కాబట్టి అంటు కూడా లేదు.

ఊరికి పెండ్లికి డప్పు కావాలె, సావుకు డప్పు కావాలె, జాతరకు కావాలె, సాటింపుకు కావాలె. కొట్టేవాడు మాత్రం గడప బయట నిలబడాలె. తోలు ముట్టినోడు అంటరానోడు. తోలు చేసిన చప్పుడు మాత్రం ఏ ఇంట్లకైనా పోవచ్చు. తరతరాలుగా ఊరు కోరుకున్నది ఇదే: చప్పుడు లోపలికి, మనిషి బయటికి. సాఫ్ట్‌వేర్ ఆ కోరిక తీర్చింది. దీన్ని సాఫ్ట్‌వేర్ చేసినోళ్ల కుట్ర అని నేను అనను. వాళ్లకు మా ఊరే తెల్వదు. కాని పనిముట్టు ఏ ఊరికి వస్తే ఆ ఊరి కులాన్ని నేర్చుకుంటది.

నాయినను ఒకసారి పట్నంల ఒక స్టూడియోకు పిలిచిండ్రు. ఒక పూట కొట్టించుకున్నరు, ఒక పూట కూలి ఇచ్చిండ్రు. కాగితం లేదు, పేరు అడిగినోడు లేడు. రెండేండ్లకు ఒక బరాతు పాటలో ఆ దరువు విన్నం. నాయిన వెంటనే పోల్చుకున్నడు. ఎడ్లబండి కింద పడి విరిగి అతికిన వేలు ఆయనది. రెండో దెబ్బ జరంత ఆలస్యంగ పడుతది. యంత్రంలో దాన్ని సరిచేయడం నిమిషం పని. సరిచేయలేదు, ఆ నడక బాగుందని ఉంచుకున్నరు. విరిగిన వేలు వాళ్లకు పనికొచ్చింది. వేలు గల మనిషి పనికి రాలేదు. క్యాసెట్టు అట్ట మీద సంగీతం పేరు ఒకరిది, రిథమ్ పేరు ఇంకొకరిది.

నా దోస్తులు కొందరు ఎదురు ప్రశ్న వేస్తరు. సావుకు వెట్టిగ డప్పు కొట్టమని చెప్పినందుకు మన వాడలు దెబ్బలు తిన్నయి గదా, ఇప్పుడు స్పీకరు పెట్టుకుంటే మన మెడ మీది కాడి దిగినట్టే గదా, ఇంక ఏడుపు దేనికి అంటరు. ఈ ప్రశ్నను తోసెయ్యలేం. అయితే 1994లో మొదలైన దండోరా ఇదే డప్పును జెండా చేసుకుంది. ఒకే డప్పు వెట్టికి గుర్తు, తిరుగుబాటుకూ గుర్తు. తేడా డప్పులో లేదు, ఎవరి ఇష్టం మీద మోగుతుందనే దాంట్లో ఉంది. నాయిన సిర్ర కింద పెట్టి "కొట్ట" అంటే అది విముక్తి. ఆయన దెబ్బను కోసుకపోయి, ఆయన వద్దన్నా మోగిస్తే అది విముక్తి కాదు. లూపు "కొట్ట" అనలేదు. అలిసిపోదు, కూలి అడగదు, సంఘం పెట్టదు. దొరలు కలగన్న జీతగాడు అది.

ఇది మన ఒక్కరి కథ కాదు. అమెరికాలో ది విన్‌స్టన్స్ బృందం 1969లో విడుదల చేసిన 'అమెన్, బ్రదర్'లో గ్రెగరీ కోల్‌మన్ అనే నల్లజాతి డ్రమ్మర్ దాదాపు ఏడు సెకన్ల ఒక దరువు ఒంటరిగా వాయించిండు. దాన్ని కోసి వేల పాటల్లో వాడుకున్నరు. ఆయనకు రాయల్టీ రాలేదు. 2006లో ఇల్లు కూడా లేని మనిషిగా చనిపోయిండు. 2015లో అభిమానులు చందా వేసి దాదాపు 24,000 పౌండ్లు బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు ఇచ్చిండ్రు. అప్పటికి కోల్‌మన్ పోయి తొమ్మిదేండ్లు.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దండోరా మొదలైన 1994లోనే దానికి చేసిన సవరణ ప్రదర్శకుని హక్కును తెచ్చింది. ఆ నిర్వచనంలో గారడీవాడు, పాములాడించేవాడు కూడా ఉన్నరు. 2012 సవరణ రాయల్టీ హక్కును, తన పేరు చెప్పించుకునే హక్కును చేర్చింది. చట్టంలో చోటు ఉంది. కాగితం అడిగే బలమే మన చేతిలో లేదు. లూపులు అమ్మేటోళ్లు రాయల్టీ ఫ్రీ అని రాస్తరు. కొట్టినవాడు ఇష్టపడి, తగిన సొమ్ము తీసుకొని ఇస్తే ఆ సంగతి వేరు. అట్ల కానప్పుడు, కొట్టినవాని దిక్కు నిలబడి చదివితే ఆ మాటకు మన పాత పేరు వెట్టి.

మరి లూపు వాడుడు పాపమా? కాదు. హాస్టల్ గదిలో కూసున్న ఒక పిల్ల రోహిత్ వేముల మీద పాట కట్టుకుంటది. పదిమంది డప్పు కళాకారులను పిలిచే పైసలు ఆమె దగ్గర ఎక్కడివి? ఆమె చేతిలోంచి ఆ యంత్రాన్ని గుంజుకునే హక్కు ఎవరికీ లేదు. కాని ఆమెను నేను నాలుగు మాటలు అడుగుత. ఇది ఎవరి చెయ్యి? ఆ పేరు పాట కింద ఉందా? పైసలు వస్తే ఆ చేతికి వాటా ఉందా? వద్దనే హక్కు ఆ చేతికి ఉందా?

నాలుగోదే అసలైంది. నేను నాయిన దరువులన్నీ ఆయన ఇష్టంతోనే రికార్డు చేసిన, పేరు పెట్టి బృందాలకు ఇస్తున్న. సావుదెబ్బ మాత్రం ఆయన ఇయ్యలే. "పిలిచి కొట్టించుకున్నదే చాలు, ఇగ పిలువకుండ కూడ కొట్టించుకుంటరా?" అన్నడు. నా కంప్యూటర్‌లో ఆ ఒక్క దెబ్బ జాగ ఖాళీగ ఉంటది.

శబ్దానికి కులమేంది అని అడిగేటోళ్లు ఉన్నరు. నిజమే, శబ్దానికి లేదు. చేతికి ఉన్నది, అందుకే చేతిని కోసేసి శబ్దం ఉంచుకున్నరు. ఆ చేతిని, ఆ పేరును, ఆ "కొట్ట" అనే మాటను మళ్ల శబ్దం పక్కన నిలబెట్టినప్పుడే యంత్రం మనది అయితది. అప్పటిదాక మనం తయారు చేసే ప్రతి పాటలో ఎవరో ఒకరు గడప బయట నిలబడే ఉంటరు.