గులాబీ గడి

బిడ్డకి జబ్బు చేస్తే మన ఇళ్ళల్లో వైద్యులకు కొదవుండదు. దిష్టి అంటుంది నాయనమ్మ. పళ్ళొస్తున్నాయంటుంది పిన్ని. మందులకొట్టు వాణ్ణడిగి మాత్ర తెస్తాడు బాబాయి. వైద్యులు ముగ్గురు, బిడ్డ ఒక్కటే!

ఈ గందరగోళానికి విరుగుడుగా ప్రపంచ ఆరోగ్య సంస్థా, యునిసెఫూ 1990లలో ఓ పటం గీయించాయి. 2003లో మనదేశం దాన్ని మన పసికందులకు తగ్గట్టు మలుచుకుంది. డాక్టరు లేనిచోట నర్సమ్మ దాన్ని చూసి తేల్చవచ్చు. ఆకుపచ్చ గడి అయితే ఇంటి దగ్గరే సంరక్షణ, పసుపయితే మందు, గులాబీ అయితే తొలి మోతాదిచ్చి వెంటనే ఆస్పత్రికి. రెండు నెలలు నిండి ఏడాది నిండని బిడ్డ నిమిషానికి 50 సార్లు, ఆపైన ఊపిరి తీస్తే ఎగశ్వాస కింద లెక్క. ఏడాది దాటితే 40.

బొమ్మ చూసి చేసేదీ వైద్యమేనా అని ముక్కు విరిచేవాళ్ళున్నారు. నన్నడిగితే, అందులో ఓ న్యాయముంది. మా అశ్వారావుపేట అడవుల్లో కోయగూడెం బిడ్డ ఊపిరికీ, హైదరాబాదులో కలవారి బిడ్డ ఊపిరికీ అంకె ఒక్కటే. ఆ కాగితం మొహం చూసి బొట్టు పెట్టదు.

అయితే, గులాబీ గడిలో ‘ఆస్పత్రికి’ అని రాసి పటం ఊరుకుంటుంది. పొంగిన వాగూ, పోయే కూలీ, ఇంట్లో మిగిలిన ఇద్దరు పిల్లలూ దానికి కనపడరు. “రేపు తీసుకెళ్తా”నన్న తల్లిని మూర్ఖురాలనడం తేలికే. కానీ ఆ రంగు వేసిననాడే బండికీ, దారికీ, అక్కడో మంచానికీ మనం మాటిచ్చినట్టు కాదూ? తెలియక బిడ్డ పోతే తలరాతను తిట్టుకుంటాం. గులాబీ అని తెలిశాక కూడా పోతే ఎవర్ని తిట్టుకోవాలి?